తాడుకి రేటు లేని ఆట

మేడం గారు పోయారన్న కబురు గిలకలదిండి హార్బర్లో ఐసు దిమ్మలు బోటుకి ఎక్కిస్తుండగా ఫోన్లో వచ్చింది. గుడివాడలో ఆవిడ దగ్గర చదువుకుని, ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్న అమ్మాయి పంపింది. "తెల్లారి గుండె ఆగిపోయింది బాబాయ్. పదింటికి తీసుకెళ్తారు." ఇంకెవరైనా ఏమన్నా రాశారేమోనని ఊరి వార్తలు తెరిచాను. తెరంతా ఒక ప్రకటన కమ్ముకుంది. ఇసుకలో కూరుకుపోయిన బోటు, దాని మీద ఏడుస్తున్న బొమ్మ మొహం, కింద ఎర్ర బటన్. "తాడు కావాలా? ఇరవై తొమ్మిది రూపాయలే!"

ఆ బోటు మేడం గారు గీసిందే. ఫోను తడి గోనె మీద బోర్లా పెట్టేసి దిమ్మలు ఎక్కించడం పూర్తి చేశాను.

ఆవిడ గుడివాడలో ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునేవారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బందరు నుంచి బస్సులో వెళ్లి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. రిటైరయ్యాక ఒకరోజు గొడుగు వేసుకుని మా ఐసు ఫ్యాక్టరీకి వచ్చారు. కాలు విరగక ముందు నేను బోటు డ్రైవర్నని ఎవరో చెప్పారట.

"మొగలో ఇసుక ఎక్కడుంది తమ్ముడూ?" అన్నారు.

కాలువ సముద్రంలో కలిసేచోటుని మేము మొగ అంటాం. అక్కడ ఇసుక మేటలు ఒకచోట ఉండవు. వానలు అయ్యేసరికి దారి మారిపోతుంది. "ఈ వారం ఎక్కడుందో చెప్తాను గానీ వచ్చే వారం సంగతి ఆ సముద్రాన్నే అడగాలండి," అన్నాను. ఆవిడ నవ్వకుండా సంచిలోంచి కాగితం తీశారు. పాత ల్యాబ్ రికార్డు పుస్తకంలోది. ఒకవైపు ఎవరో పిల్ల రాత, రెండోవైపు తెలుపు. ఆవిడ ఎప్పుడూ కొత్త కాగితం వాడగా నేను చూడలేదు. పెళ్లి శుభలేఖలు, కరెంటు బిల్లులు, మందుల చీటీలు, ఏది దొరికినా వెనకవైపు తిప్పేవారు. "వెనక ఖాళీగానే ఉందిగా," అనేవారు.

ఆవిడ చేస్తున్నది కంప్యూటర్లో ఆట. మరబోటుని మొగ దాటించి వేటకి తీసుకెళ్లి, మళ్లీ ఒడ్డుకి తేవాలి. తయారయ్యాక నా చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. ఆడేవాళ్ల తెర వంక చూసేవారు కాదు, వేళ్ల వంక చూసేవారు. రెండో మలుపులో నా బోటు ఇసుకెక్కింది. ఆట అయిపోయింది అని వచ్చింది.

"ఇదేం ఆటండీ? ఇసుకెక్కితే అయిపోడమేంటి?" అన్నాను. "ఎనకాల వచ్చే బోటోడు చూస్తా పోతాడా?"

"ఏం చేస్తాడు?"

"తాడేస్తాడు. లాగుతాడు."

"ఎంత తీసుకుంటాడు?"

దిమ్మలు కొడుతున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. "తాడుకి డబ్బులు తీసుకుంటే రేపు ఆడి బోటు ఎక్కినప్పుడు ఎవడు లాగుతాడండీ?" అన్నాను.

ఆవిడ దాన్ని ఒక మందుల చీటీ వెనక రాసుకున్నారు. వారం తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి నా బోటు ఇసుకెక్కితే వెనక నుంచి ఇంకో బోటు వచ్చి తాడు విసిరింది, లాగింది, తన దారిన వెళ్లిపోయింది. ఇంకొంచెం ముందుకెళ్తే వేరే బోటు చిక్కుకుని కనిపించింది. ఆగి తాడు వెయ్యొచ్చు, వెయ్యకుండా పోవచ్చు.

"పోతే ఏమవుద్దండీ?" అన్నాను.

"ఏమీ అవదు."

"శిక్ష ఉండాలి కదండీ."

"ఎందుకు తమ్ముడూ? పోయినవాడికి తెలుసుగా పోయానని."

ఆ ఆట ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. ఎలా చేశారో ఆ రాత కూడా అందరికీ కనపడేలా పెట్టారు. ఎవరికి కావాలంటే వాళ్లు మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతులు రెండే. మార్చిన రాత మళ్లీ అందరికీ చూపించాలి. పేర్లు చెరపకూడదు. ఆట మొదట్లోనే పేర్ల పట్టీ ఉండేది. మొగ గుర్తులు చెప్పిన మా అందరివీ, నాగాయలంకలో అటువైపు మొగ గురించి చెప్పినవాళ్లవీ.

"మరి తమరికేం మిగుల్తదండీ?" అని అడిగాను ఒకసారి.

ఇష్టమైనవాళ్లు డబ్బులిచ్చేందుకు ఒక పేజీ పెట్టానన్నారు. పదిమంది ఆడితే ఒకరు కూడా ఇవ్వరట. ఆ వచ్చేదానితో ఆట ఉంచిన చోటుకి అద్దె కట్టి, నాగాయలంక బస్సు ఛార్జీలు పెట్టుకునేవారు. ఎక్కడో వేరే తీరంలో ఒక బడివాళ్లు తమ మొగ కూడా అందులో పెట్టించుకున్నారు. ఆ పనికి మాత్రం ఆవిడ గట్టిగా కూలి అడిగి తీసుకున్నారు. "ఆట ఊరికే తమ్ముడూ. నా రెక్కలు ఊరికే కాదు," అన్నారు. నేను ఆ ఆట ఎన్నిసార్లు ఆడానో. ఆ పేజీ ఒక్కసారి కూడా తెరవలేదు.

నగరంలో ఒక కంపెనీ దాన్ని తీసుకుంది. రంగులు మార్చింది, ఏడుపు మొహం పెట్టింది. రెండు నిమిషాలకొక ప్రకటన. పేర్ల పట్టీ ఎత్తేసి తన బొమ్మ పెట్టుకుంది. చేసిన మార్పులు ఎవరికీ చూపించలేదు. తాడుకి రేటు పెట్టింది. డబ్బు కట్టకపోతే పక్కనుంచి బోట్లు పోతూనే ఉంటాయి, ఒక్కటీ ఆగదు. ఆ బోట్లు అలా పోతుంటే చూడటం నాకు రోత. మా మొగలో ఏ తాగుబోతు డ్రైవరూ అలా పోయి ఎరగడు. ఆ బుద్ధి ఎవడికి పుట్టిందో, ఏ చల్లటి గదిలో కూర్చుని పుట్టిందో!

ఒకరోజు ఆవిడ ఇంటి ముందు కారు ఆగింది. కంపెనీవాళ్లు ఇద్దరు దిగి, ఏవో కాగితాలు పట్టుకుని లోపలికెళ్లారు. సాయంత్రానికి ఆ కబురు హార్బరంతా పాకింది. వేలంపాట దగ్గర చేపలమ్మే ఆవిడ గట్టిగానే అంది. "మన మొగ గుర్తులు అమ్ముకుని ఏసీ పెట్టించుకుంటదంట!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు మేడం గారు కనపడితే ముఖం మీదే అడిగాను. "ఎంతకిచ్చారండీ?"

"ఇవ్వలేదు తమ్ముడూ."

అంతే. వాదించలేదు. "అమ్ముకోవడం తప్పు కాదు. పేరు చెరపడం తప్పు. తాడుకి రేటు పెట్టడం మరీ రోత," అన్నారు. దొరికిపోయినవాళ్ల మాటలనుకున్నాను.

వానలు తగ్గాక మళ్లీ గొడుగుతో వచ్చారు. బాగా చిక్కిపోయారు. చెప్పులు గడప దగ్గర దులిపి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి, "ఈ ఏడు మొగ ఎటు తిరిగింది?" అని అడిగారు.

"మీ కంపెనీవోళ్లని అడగండి," అన్నాను.

ఆవిడ సరే అన్నట్టు తలూపి వెళ్లిపోయారు. ఇంకెవరిని అడిగారో తెలియదు. ఎవరూ చెప్పలేదని మాత్రం తర్వాత తెలిసింది. అదే ఆఖరిసారి చూడటం.

దహనానికి హార్బరు నుంచి చాలామందిమి వెళ్లాం. ఏసీ మాట అన్న ఆవిడ కూడా వచ్చి, "బంగారం లాంటి మనిషి," అని కళ్లొత్తుకుంది. నేను తల దించుకున్నాను, ఆమెని అసహ్యించుకునే అర్హత నాకు లేదు. ఆ సాయంత్రం కంపెనీవాళ్లు ఫోన్లలో సంతాపం పెట్టారు. ఆవిడ ఫొటో, ఆవిడే మా స్ఫూర్తి అని రెండు ముక్కలు, కింద ఆట దింపుకోమని బటన్. చచ్చిన మనిషిని కూడా వదల్లేదు.

మూడో రోజు గుడివాడ అమ్మాయి మేడం గారి ఇల్లు సర్దుతూ నన్ను పిలిచింది. ఇకనుంచి ఆటని తను చూసుకుంటానంది. ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. "ఇది మీకు అర్థమవుద్దేమో చూడండి బాబాయ్."

మంచి మందం కాగితాలు. కంపెనీ పేరుతో ఉన్నాయి. ఆటంతా వాళ్లదేనని, ఇక ఆవిడకి ఏ హక్కూ లేదని ఒప్పుకునే పత్రం. దానికి ఇస్తామన్న సొమ్ము కూడా రాసుంది. మా ఫ్యాక్టరీలో ఎవరం ఏళ్ల తరబడి కష్టపడినా చూడలేనిది. సంతకం చెయ్యాల్సిన చోట ఏమీ లేదు. తిప్పి చూశాను. వెనకవైపు పెన్సిలుతో మా మొగ. నిరుటి మేటలన్నీ ఉన్నాయి. ఈ ఏటి మేట ఉండాల్సిన చోట గీతలు గీసి, చెరిపి, మళ్లీ గీసి, చివరికి ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

"ఆ రోజు వాళ్లు ఇంకా మెట్లు దిగుతుండగానే వీటి వెనక రాసుకోవడం మొదలెట్టారంట," అంది అమ్మాయి.

మర్నాడు పొద్దున్నే పోటు తగ్గే వేళకి చిన్న పడవలో వెళ్లి, మొగంతా వెదురు గడ దించి చూసుకుని వచ్చాను. కుంటి కాలుతో అంతసేపు పడవలో నిలబడటం కష్టమే. బస్సెక్కి గుడివాడ వెళ్లి ఆ అమ్మాయికి ఆ కాగితం మీదే గుర్తు పెట్టి చూపించాను. దక్షిణపు మలుపు దగ్గర నిరుడు నాలుగు నిలువుల నీళ్లున్న చోట ఇప్పుడు మోకాలి లోతు లేదు.

"మార్చే ముందు మేడం ఉంచినట్టే ఒకసారి ఆడి చూద్దాం బాబాయ్," అంది.

ముందు పేర్ల పట్టీ వచ్చింది. నా పేరు తియ్యలేదు. తర్వాత నీళ్లు, బోటు. అమ్మాయి దాన్ని మొగ వైపు తిప్పింది. దక్షిణపు మలుపు వచ్చింది. నేను పొద్దున గడ దించితే టక్కుమని ఇసుక తగిలిన చోటు. బోటు వేగం తగ్గించలేదు. ఆ ఇసుక మీదుగా, నిరుటి నీళ్లలో, వెనకాల తెల్లటి నురగ వదులుతూ సముద్రంలోకి వెళ్లిపోయింది.