కుడికాలు ముందు పెట్టని లోకం

నేను ఎంసీఏ చదివాను. ఈ సంగతి నాకంటే మా ఇంట్లోవాళ్లకే ఎక్కువ గుర్తుండేది. చదువయ్యాక ఇల్లందు బస్టాండు ఎదురుగా నాలుగు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. రెండు వేల ఎనిమిది ప్రాంతం. బ్రాడ్‌బ్యాండ్ మా ఊరికి అప్పుడే వచ్చింది. వచ్చిందని అందరూ అనేవాళ్లు, ఉందని మాత్రం ఎవరూ ధైర్యంగా అనేవాళ్లు కాదు. పైగా రోజూ మధ్యాహ్నం రెండింటికి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగేది. సైరన్ మోగేది, భూమి ఒకసారి ఒళ్లు విరుచుకునేది, మూలమీది టెలిఫోన్ డబ్బాలో ఏ తీగ ఊగేదో గానీ నా మోడెమ్ మీద లైటు ఆరిపోయేది. అయిదారు నిమిషాలకు దానంతటదే వెలిగేది. నేను ఆ సమయంలో టీ తాగేవాణ్ని. అంతకుమించిన సాంకేతిక పరిష్కారం నాకు దొరకలేదు.

బేరాలు లేనప్పుడు ఒక ఆన్‌లైన్ లోకంలో తిరుగుతుండేవాణ్ని. అందులో ఎవరికి వాళ్లు ఒక బొమ్మమనిషిని తయారుచేసుకుని నడవొచ్చు, మాట్లాడొచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. గెలవడం, ఓడడం ఉండవు. ఒకరోజు పెన్షన్ ఫారం కోసం వచ్చిన కాకా నా భుజం మీదుగా స్క్రీన్ చూశాడు. కాకా అంటే చుట్టం కాదు, మా వెనక లైను క్వార్టర్లలో ఉండే మనిషి. గని సర్వే విభాగంలో గొలుసు పట్టుకుని నేల కొలిచే చైన్‌మన్.

"గా జాగ ఎవలదిరా?" అన్నాడు.

"ఎవరిదీ కాదు కాకా, ఖాళీ."

కాకా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఊళ్లోని నేలంతా కొలిచాడు గానీ తనకంటూ గజం లేదు. మాది ఏజెన్సీ ప్రాంతం. ఆదివాసుల భూమి బయటివాళ్లు కొనకూడదు. ఆ చట్టం న్యాయమైనదేనని కాకా కూడా అనేవాడు. అంటూనే ఖాళీ జాగా ఎక్కడ కనపడినా ఓసారి కళ్లతో కొలిచేవాడు.

కాకాకూ ఒక బొమ్మను చేసిచ్చాను. నెల తిరక్కుండా ఆయనకు ఆ లోకంలో ఒక స్నేహితుడు దొరికాడు. ఏదో చలిదేశంలో బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన బొమ్మ మనిషి కాదు, కోటు తొడుక్కున్న ఎర్ర నక్క. ఇద్దరి మాటలూ నేనే అటూ ఇటూ మార్చి టైపు చేసేవాణ్ని. గని కబుర్లకు భాష పెద్ద అడ్డం కాలేదు. తాను వాడని మూలజాగా ఒకటి నక్క కాకాకు ఇచ్చేసింది. కాకా అందులో మూడు గదుల ఇల్లు కట్టాడు.

నా ఉద్యోగం అప్పుడు మొదలైంది. జుట్టు రాక కాకా బొమ్మ గుండుతో నిలబడేది. ఒక్కోసారి మనిషి బదులు తెల్లటి మేఘం కనిపించేది. ఇంకోసారి నడుస్తూ నడుస్తూ నడుం దాకా నేలలో దిగిపోయేది. నేను కంగారుపడితే కాకా, "ఉండనియ్‌రా, షిఫ్టు అయినంక పైకొస్తడు" అనేవాడు. అన్నిటికీ నా మందు ఒక్కటే: కంప్యూటర్ దాచుకున్న పాత బొమ్మల నిల్వ, అంటే క్యాష్, తుడిచేసి, బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావడం. మూడేళ్ల ఎంసీఏలో నేర్పింది కూడా సుమారుగా ఇదే.

ఒకరోజు కాకా చిన్నమ్మను తీసుకొచ్చాడు. ఆయన భార్య. ఆ నెలాఖరుకు కాకా రిటైరవుతాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. ముదిగొండలో కిరాయి ఇల్లు మాట్లాడుకున్నారు. చిన్నమ్మ దగ్గర ఒక ఇత్తడి గిన్నె ఉంది. సొంతింట్లో పాలు పొంగించమని పెళ్లప్పుడు వాళ్లమ్మ ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా అది అటక మీదే ఉంది. "కంపెనీ ఇంట్ల పొంగిస్తే కంపెనీకే కలిసొస్తది" అని క్వార్టర్లో దించలేదు. కిరాయి ఇంట్లో దించేది అసలే లేదు. రిటైరయ్యేలోపు ఆ గిన్నె దింపిస్తానని కాకా ఎప్పుడో మాటిచ్చాడు.

చిన్నమ్మ స్క్రీన్‌లోని ఇంటిని చాలాసేపు చూసింది.

"దర్వాజ తూర్పుకేనా?"

"తూర్పే. పొద్దెటు పొడుస్తదో మూడు దినాలు చూసి పెట్టిన."

"వంటిల్లు మూలకు లేదు. ఆగ్నేయంల ఉండాలె."

కాకా మౌస్‌తో వంటింటి గోడ పట్టుకుని ఆగ్నేయానికి జరిపాడు. చిన్నమ్మ నోరు తెరిచి చూసింది.

"ముప్పై ఏండ్లల్ల నా మాటకు గోడ జరగుడు గిదే ఫస్టు" అంది. తర్వాత మెల్లగా అడిగింది, "గీడికెల్లి ఎవలన్న ఖాళీ చెయ్యమంటరా?"

"అనరు" అన్నాడు కాకా.

అలాంటి లోకాలను నడిపే సర్వర్లు, వాటి ఆయుష్షు గురించి నాకు కొంత తెలుసు. ఎందుకో ఆ సమయంలో కీబోర్డు తుడవాలనిపించింది.

అటక మీంచి గిన్నె దిగింది. పంతులు పంచాంగం చూసి, ఆషాఢం రాకముందు మిగిలింది ఒక్క ముహూర్తమేనని చెప్పాడు: మధ్యాహ్నం ఒంటిగంట యాభై రెండు నుంచి రెండూ ఎనిమిది దాకా. మధ్యలో బ్లాస్టింగ్ ఉంది. "దానికి ముందు ఎనిమిది నిమిషాలున్నయ్‌రా. గడప దాటనీకె ఎనిమిది నిమిషాలా?" అన్నాడు కాకా. మా కనెక్షన్ సంగతి తెలిసి కూడా అలా అన్నాడంటే ఆశ అలాంటిది.

చిన్నమ్మకు బొమ్మను తయారుచేయడం నా పని. ఉచితంగా దొరికే బట్టలన్నీ మోకాళ్ల పైకే ఆగిపోయాయి. రెండు రోజులు కూర్చుని ఆకుపచ్చ చీర గీశాను. కొంగు వేలాడదు, ఒంటికి రంగు వేసినట్టు అతుక్కుంటుంది. అయినా చీర చీరే. మొదటిసారి తెరిచినప్పుడు మాత్రం జుట్టు రాలేదు.

"ఏందిరా బిడ్డా, భద్రాద్రి మొక్కు నాకు తెల్వకుండనే తీర్చినవా?"

క్యాష్ తుడిచాను. జుట్టు వచ్చింది. బొమ్మను నాలుగడుగులు నడిపించి చూపించాను.

"ఆగు" అంది చిన్నమ్మ. "మల్ల నడిపియ్యి."

నడిపించాను.

"ఎడమకాలు ముందు పెడుతున్నది."

నిజమే. మొదట ఎడమకాలే. ఎన్నిసార్లు నడిపించినా అంతే. కాకా బొమ్మా అంతే, దారినపోయేవాళ్లూ అంతే. ఇన్ని నెలలుగా ఆ లోకంలో తిరుగుతున్నాను, అక్కడి జనమంతా ఎడమకాలితో బయల్దేరుతున్నారని గమనించలేదు. ఆ లోకం కట్టినవాళ్లకు మహా తెలివి ఉండొచ్చు గానీ కొత్తింట్లోకి ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరన్నమాట.

"ఎడమకాలు పెట్టి నేను పోను" అంది చిన్నమ్మ. గిన్నె సంచిలో పెట్టుకుని లేచింది.

ఆ లోకపు సహాయకేంద్రానికి రాశాను. మా ఆచారం వివరించి, కుడికాలు ముందు పడే ఏర్పాటు ఉందా అని అడిగాను. రెండు రోజులకు జవాబొచ్చింది, క్యాష్ తుడిచి చూడమని. నా మందు నాకే రాసిచ్చారు.

చివరికి దారి చూపింది కాకాయే. ఆ లోకంలో అడుగు పొడవెంతో కొలిచాడు. గడపకు సరిగ్గా ఆ దూరంలో ఒక ఎర్ర ఇటుక పెట్టాడు. "బొమ్మని గీ ఇటుక మీద నిలవెట్టు. ఎడమకాలు బయట పడ్తది, కుడికాలు లోపల పడ్తది. గంతే." చూస్తే నిజంగా అంతే. చిన్నమ్మను పిలిచి చూపించాం. పదిసార్లు నడిపిస్తే తొమ్మిదిసార్లు కుడికాలు లోపల పడింది. పదోసారి లైను మందగించి, కాళ్లు కదలకుండానే బొమ్మ జారుకుంటూ పోయింది. ఆ పదోసారి సంగతి ముగ్గురం మాట్లాడుకోలేదు.

ముహూర్తం రోజు షట్టరు సగం దించి 'సెలవు' అని బోర్డు పెట్టాను. నా దగ్గర గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఒక్కటే, అది చిన్నమ్మకిచ్చాం. దాంతో కాకా తన గృహప్రవేశానికి తానే మేఘం రూపంలో హాజరయ్యాడు. పట్టుచీర కొంగుకీ, ఆయన కండువాకీ ముడి వేసుకుని రెండు కుర్చీల్లో కూర్చున్నారు. మోడెమ్ ఆ ముడికి అవతల ఉంది. నా ప్రింటర్ బల్లను ఆగ్నేయానికి జరిపి, దానిమీద కిరోసిన్ స్టవ్, స్టవ్ మీద గిన్నె, గిన్నెలో పాలు పెట్టారు. నక్క అప్పటికే ఇంటిముందు నిలబడి ఉంది. వాళ్ల దేశంలో తెల్లవారలేదట.

"నక్క ఎదురొచ్చింది, మంచి శకునమే" అంది చిన్నమ్మ. ఆ రోజంతా నిశ్చింతగా అన్న మాట అదొక్కటే.

ఒంటిగంట యాభై రెండు. తలుపు తెరుచుకోలేదు. దొంగల భయానికి కాకా దాన్ని తాను నొక్కితేనే తెరుచుకునేట్టు పెట్టాడు. నొక్కాడు. కదల్లేదు. ఇంకో అయిదుసార్లు నొక్కాడు.

"నొక్కకు కాకా! ఒక్కసారి చాలు, లైను స్లో ఉంది!"

"తలుపు తెరుస్తలేదు, నేనేం జెయ్యాలెరా!"

రెండు నిమిషాల తర్వాత ఆ ఆరు నొక్కులూ వరసగా అక్కడికి చేరాయి. తలుపు తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది, మూసుకుంది. ఆరో నొక్కుకు మూసుకుని ఆగింది. మళ్లీ నొక్కించి తెరిపించేసరికి గని సైరన్ మోగింది.

"నడువు!" అని కాకా అరిచాడు. "బాణం నొక్కు, నొక్కి పట్టు!"

చిన్నమ్మ నొక్కి పట్టింది. బొమ్మ ఎడమకాలు లేపింది. బల్ల అదిరింది, కిటికీ అద్దం గలగలమంది, మోడెమ్ లైటు ఆరిపోయింది. తెరమీద ఆకుపచ్చ చీర బొమ్మ ఎడమకాలు గాల్లో పెట్టుకుని నిలిచిపోయింది. ఆ క్షణానే గిన్నెలో పాలు పొంగాయి.

"పొంగినయ్! గాని నేను ఇంకా బయటనే ఉన్న!" అంది చిన్నమ్మ. ముప్పై ఏళ్లు దాచిన గిన్నె పొంగి, పాలు నా ప్రింటర్ మీద కారుతున్నాయి. ముడి విప్పకూడదు కాబట్టి నేను దాని కిందనుంచి పాక్కుంటూ వెళ్లి మోడెమ్ ఆర్పి వేశాను, మళ్లీ ఆర్పి వేశాను. కాకా గోడగడియారం వంకే చూస్తున్నాడు.

రెండూ ఆరుకు లైటు వెలిగింది. లోపలికి వెళ్లాం. చిన్నమ్మ బొమ్మ వంటింట్లో, ఆగ్నేయ మూలలో, గోడకేసి చూస్తూ నిలబడి ఉంది. మా వైపు లైను పోయినా, అంతకుముందు నొక్కి పట్టిన బాణం అక్కడ పనిచేస్తూనే ఉందన్నమాట.

"లోపట్నే ఉన్న!" అంది. వెంటనే మొహం మారింది. "ఏ కాలు పెట్టినరా నేను?"

చూసినవాళ్లు ఒక్కరే. నక్కను అడిగాను. జవాబు వచ్చింది: ఏ కాలూ పెట్టలేదు, కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని, నేలకు కాస్త ఎత్తున తేలుతూ లోపలికి వెళ్లిపోయింది.

"కుడికాలేనట చిన్నమ్మా" అన్నాను.

చిన్నమ్మ నా మొహంలోకి చూసింది. "గంత పొడుగు రాసిండు, గింతే చెప్తవేంది? సక్కగ చెప్పు."

చెప్పాను. సెంటర్ నిండా మాడిన పాల వాసన. కాకా నావైపు చూశాడు.

"తేలుకుంట వోయిన్నా?"

"అవ్ చిన్నమ్మా."

"నేలకు కాలు ఆనలే?"

"ఆనలేదట."

"మరి లక్ష్మీదేవి గట్లనే గదరా వచ్చేది. ఆమె కాలు నేలకు ఆనుతదా ఏంది?" అంది. ముడి విప్పి, కొంగుతో గిన్నె దించింది. "పంచదార ఏడున్నది?"

ఆ పాలు ముగ్గురం తాగాం. నక్కకు గ్లాసు ఎలా ఇవ్వాలో తెలియక దాని వంతు కాకా తాగాడు. ప్రింటర్ మాత్రం కోలుకోలేదు. మిగిలిన వేసవంతా హాల్‌టికెట్లు పాలకోవా వాసన వేశాయి, తర్వాత అసలు రావడమే మానేశాయి.

నెలాఖరుకు వాళ్లు ముదిగొండ వెళ్లిపోయారు. మాకూ సొంతిల్లుంది, కాకపోతే కొంచెం దూరమని చిన్నమ్మ అక్కడి ఇంటి ఓనరమ్మకు మొదటిరోజే చెప్పిందట. మొదటి వానలకు నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, ముదిగొండల నెట్టు సెంటర్‌ల కూసున్న. మన ఇంటికి పైకప్పు కనిపిస్తలేదు. వానకాలం వచ్చె, ఎట్లరా?"

క్యాష్ తుడవమన్నాను.