తిన్నంక చెప్తడు

ఎనభైల మొదట్లో నేనూ నా నాలుగేళ్ళ కూతురూ కాజీపేటలో ఒక రైల్వే ఉద్యోగి ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాళ్ళం. ఇంటివాళ్ళు ముస్లింలు. మా ఆయన తాపీ పనికి దుబాయి వెళ్ళాడు. మొదటి ఏడాది ఉత్తరాలు బాగానే వచ్చాయి. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని పరకాల దగ్గరి మా ఊళ్ళో పుకారు పుట్టింది. ఆ మాట విని ఏడ్చేదాన్ని. అదే నిజమైనా బాగుండునని కూడా అనుకునేదాన్ని. అప్పుడు కనీసం బతికున్నట్టు కదా.

ఇంటావిడను వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె పెద్ద కొడుకు కూడా దుబాయిలోనే లారీ నడిపేవాడు. రంజాన్ పండుగకు ముందు రోజు సాయంత్రం అతను సెలవు మీద వచ్చాడు. నేను వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళేసరికి ఖాలా ఎదురొచ్చింది.

"మా ఆయన గురించి ఏమన్న చెప్పిండా ఖాలా?"

"పయనం చేసొచ్చి పండుకున్నడు బిడ్డా. రేపు పగటికి మా ఇంట్లనే బువ్వ. నువ్వు పొయ్యి ముట్టియ్యకు" అంది. నా ముఖంలోకి చూడలేదు.

తెల్లారి వాన తుంపర పడుతుండగానే మగవాళ్ళు నమాజు నుంచి తిరిగొచ్చారు. ఆడవాళ్ళం లోపలి గదిలో చాప మీద కూర్చున్నాం. ఖాలా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సేమియా పాలు పోసింది. ఆపైన బగారన్నం, దాల్చా, మాంసం కూర. నా కూతురు ఎన్నడూ తిననట్టు తింటోంది. నేను మాత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నాను. తలుపు అవతల ఖాలా పెద్ద కొడుకు గొంతు వినపడుతోంది. ఎవరో నవ్వితే, చెడ్డ కబురైతే ఇట్లా నవ్వరు కదా అని ఆశ పుట్టేది. మరుక్షణమే ఆ ఆశ పోయేది.

ఆగలేక లేవబోయాను. ఖాలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జర తిను బిడ్డా. తిన్నంక చెప్తడు."

అంటే చెప్పేదేదో ఉంది. పళ్ళెంలో ఉన్నదంతా నమలకుండా మింగాను.

చేతులు కడుక్కున్నాక అతను వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. కొత్త చొక్కా, అత్తరు వాసన.

"అక్కా, అన్న బతికే ఉన్నడు" అన్నాడు ముందుగా. "కానీ కడుతున్న బిల్డింగ్ మీదికెళ్ళి పడ్డడు. నడుము ఇరిగింది. దవాఖానల ఉన్నడు. కాళ్ళు కదుల్తలెవ్వు. నీకు రాయొద్దని నాతోని ఒట్టు పెట్టించుకుండు."

నేను ఖాలా వైపు తిరిగాను. "నీకు ఎర్కేనా?"

"రాత్రే తెల్సింది. ఇది విన్నంక నువ్వు ముద్ద ముట్టవని నేనే ఆపిన."

కడుపులో ఉన్న అన్నం మీద అసహ్యం పుట్టింది. ఆయన అక్కడ మంచం మీద కదలలేక పడి ఉంటే, నేనిక్కడ పండుగ భోజనం చేశాను. పెరట్లోకి పరుగెత్తి అంతా కక్కేశాను. ఖాలా వెనకే వచ్చి నా తల పట్టుకుంది. ఆమె చెయ్యి విదిలించి కొట్టాను. అయినా వదల్లేదు. "ఏడువు బిడ్డా, ఏడువు" అంటూ తనూ ఏడ్చింది. తర్వాత చాలా రోజులు నేను మంచం దిగలేదు. నా కూతురికి స్నానం, తిండి, నిద్ర అన్నీ వాళ్ళింట్లోనే.

చలికాలంలో ఆయన్ను తీసుకొచ్చారు. కాజీపేట స్టేషన్‌లో ఖాలా కొడుకులు రైల్లోంచి దుప్పటిలో దించారు. నా కూతురు ఆయన్ను గుర్తు పట్టక ఖాలా కొంగు వెనక దాక్కుంది.

వారం గడిచింది. ఒక పొద్దున వీపు తుడుస్తుంటే అడిగాడు, "మల్ల నడుస్తనంటవా?"

"నడుస్తవ్" అన్నాను.

అప్పటికే డాక్టరు నాకు అంతా చెప్పేశాడు.