మగ్గాల షెడ్డులో నేను గెలిచిన బేరం

నా చిన్నప్పుడు నేను ఎన్నో బేరాలు చేశాను గాని, అవతలి మనిషికి ఒక్క మాట కూడా మిగల్చకుండా గెలిచిన బేరం ఒక్కటే. జీతం తీసుకుని పాఠం చెప్పే మాస్టారి చేత, మాకు పాఠం చెప్పకుండా ఉండేటట్టు ఒప్పించాను. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. కిరాణా కొట్టు వాళ్ళ పిల్లని కదా, మా బజారు మొత్తంలో ఇంతటి బేరం ఎవరూ చేసి ఉండరని చాలా రోజులు మురిసిపోయాను. ఇప్పటికీ ఎవరూ చేసి ఉండరనే నా నమ్మకం. అంత తెలివితక్కువ పని చేయాలంటే అంత తెలివీ ఉండాలి.

ముందు మా హైస్కూలు సంగతి చెప్పాలి. అది బడిగా పుట్టలేదు, పత్తి మిల్లుగా పుట్టింది. గుంటూరు నుంచి బస్సులో రెండు గంటల దూరంలో, మిరపా పత్తీ తప్ప మరో మాట వినపడని ఊరు మాది. ఎప్పుడో పత్తి గింజ తీసే మిల్లు ఒకటి దెబ్బతిని మూతపడితే, ఆ షెడ్డును ఊళ్ళో వర్తకులు తలా కాస్త వేసుకుని కొని బడి పెట్టారట. పత్తి అమ్ముకుని బతికే ఊరి పిల్లలకి ఆ పత్తి చివరికి ఏమవుతుందో తెలియాలని ఎవరో పెద్దాయన పట్టుబట్టి మగ్గాలు వేయించారట. మొదటి ఏడాది పిల్లలు నేసిన గుడ్డనే వార్షికోత్సవంలో స్టేజీకి తెరగా కట్టారని మా తాతయ్య చెప్పేవాడు. తర్వాత బడి జిల్లా పరిషత్తు చేతికి వెళ్ళింది. ముందువైపు డాబా గదులు లేచాయి. మగపిల్లలకి ఎన్.సి.సి. వచ్చింది, ఆడపిల్లలకి కుట్టు మిషన్లు వచ్చాయి, ఏడాదికోసారి సైన్సు ఫేరు వచ్చింది. పాత షెడ్డు పెరటి వైపుకి పడిపోయింది. మగ్గాలు అందులోనే ఉండిపోయాయి.

మేం పెద్ద తరగతులకి వచ్చేసరికి ఆ బడిలో పాతవన్నీ ఒక్కొక్కటిగా అలిసిపోతున్నాయి. వడ్రంగం నేర్పే మాస్టారు రిటైరైతే ఆ చోటికి మళ్ళీ ఎవరూ రాలేదు. ఆ గదిలో విరిగిన బెంచీలు పడేశారు. ఇక మిగిలింది నేత. మిల్లు గుడ్డ చవగ్గా దొరుకుతుంటే నేత నేర్చుకుని ఏం చేస్తారని మగపిల్లల ఇళ్ళల్లో అనేవాళ్ళు. కుట్టుపని అయితే రేపు పెళ్ళయ్యాక పనికొస్తుందని ఆడపిల్లల ఇళ్ళల్లో అనేవాళ్ళు. ఆ ఏడు బళ్ళు తెరవగానే హెడ్మాస్టరు గారు నేత మాస్టారిని వరండాలో నిలబెట్టి, నెలాఖరుకి పదిమంది పేర్లన్నా పడకపోతే సెక్షను ఎత్తేస్తారనీ, ఆయన్ని ఎక్కడికి వేస్తారో తన చేతిలో లేదనీ చెప్పారు. ఆ మాట మేమంతా విన్నాం.

నేత మాస్టారు చీరాల వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన మనిషి. పెన్షనుకి దగ్గరపడ్డారు. ఇంట్లో మంచాన పడిన తల్లి. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే గబగబా ఇంటికెళ్ళి, ఆవిడకి అన్నం కలిపి తినిపించి, మళ్ళీ బెల్లు కొట్టేసరికి చెమటకి తడిసిన చొక్కాతో తిరిగొచ్చేవారు. దూరం బదిలీ అయితే ఆవిడకి ఆ ముద్ద ఎవరు పెడతారన్నది ఊరందరికీ తెలిసిన ప్రశ్నే. నాకూ తెలుసు. అవసరంలో ఉన్నవాళ్ళ దగ్గరే బేరం బాగా తెగుతుందని కొట్టులో పెరిగిన పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నా జట్టు పిల్లల్ని కూడగట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. "మాస్టారూ, మేం పదిమందిమీ మీ క్లాసులో చేరతామండీ," అన్నాను. ఆయన ముఖం కాస్త తేటపడింది. అది చూశాకే అసలు సంగతి బయటపెట్టాను. "కాకపోతే మాకు నేత నేర్పకూడదు. ఆ పీరియడులో లెక్కలు చేసుకుంటాం. క్రాఫ్టు మార్కులు మాత్రం పడాలి."

ఆయన మగ్గం మీంచి చెయ్యి తియ్యలేదు. "సరేనమ్మా," అన్నారు. "నేను నేసుకుంటూ ఉంటాను. మగ్గం చప్పుడు మీ లెక్కలకి అడ్డమా?" అని అడిగారు. అడ్డం లేదని దయతలిచాను.

సాయంత్రం కొట్టులో నాన్నకి ఈ ఘనకార్యం చెప్పాను. మాస్టారి అవసరం సంగతి ఎత్తలేదు, నా నేర్పు తగ్గిపోతుందని. నాన్న కందిపప్పు పొట్లం కడుతూ విన్నాడు.

"ఎంతకి తెగింది?"

"అడిగినంతకీ."

"మారుమాట లేకుండానా?"

"లేకుండానే."

నాన్న పురికొస తెంపాడు. "అయితే నువ్వు తక్కువన్నా అడిగుండాలి, ఆయనకి గతిలేకన్నా ఉండాలి. ఏదో చూసుకో."

ఆ రెండిట్లో ఏదో తేల్చుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మర్నాడే షెడ్డుకి వెళ్ళి, మాది ఆఖరి పీరియడు కాబట్టి బెల్లుకి ముందే ఇంటికి వదిలేయాలని ఇంకో షరతు కలిపాను. ఆయన దానికీ సరేనన్నారు.

ఆ ఏడంతా ఆయన మాట తప్పలేదు. మేం గోడవారగా చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. లెక్కలు తక్కువ, చింతగింజలు ఎక్కువ. ఆయనొక్కరే మగ్గంలో కూర్చుని నేసేవారు. పేక దారాన్ని మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే వచ్చే చప్పుడు మొదట్లో విసుగ్గా ఉండేది, తర్వాత వినపడటం మానేసింది. దారం తెగినప్పుడు ఆయన ఆగి, రెండు కొసలు వేళ్ళతో కలుపుతూ మా వైపు చూసేవారు. చెప్పాలనుకున్నదేదో నోటిదాకా వచ్చినట్టుండేది. చెప్పేవారు కాదు.

మా జట్టులో, దూది ఏకి పరుపులు కుట్టే సాయిబు గారి అమ్మాయి ఉండేది. కొన్నాళ్ళకి ఆ పిల్ల చాప మీంచి లేచి మగ్గం పక్కకి చేరింది. "ఏమే, మన మాట ఏమైంది?" అని నిలదీశాను.

"మాట ఇచ్చింది నువ్వు. నేర్పండని నేను అడిగా, నేర్పుతున్నారు."

"బాగుందే. మీ నాన్న దూది ఏకుతాడు, నువ్వు గుడ్డ నెయ్యి. మీ ఇంట్లోనే మిల్లు పెట్టుకోండి."

"పెడితే మీ కొట్టుకి మాత్రం అరువివ్వం," అంది, తల కూడా ఎత్తకుండా.

మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజుల్లో ఇన్‌స్పెక్షను వచ్చింది. గాలి తిరిగితే చాలు, బడి బడంతా దగ్గే. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డులోకి వచ్చారు. హాజరు చూశారు, పదిమందీ ఉన్నాం. తల వూపి వెళ్ళిపోతారనుకున్నాను. ముందు వరసలో నూనె రాసుకుని నున్నగా జడలు వేసుకుని కూర్చున్నది నేనే కావడంతో, "నువ్వు రామ్మా, కాస్త నేసి చూపించు," అన్నారు.

వెళ్ళి కూర్చున్నాను. నాడెని ఎటు పట్టుకోవాలో తెలియదు. విసిరితే ఆయన బూటు దగ్గర పడింది. కంగారులో ఏదో లాగితే పడుగు దారాలు పటపటా తెగిపోయాయి. మాస్టారు ఎన్నో రోజులుగా నేస్తున్న గుడ్డ అది.

"నాకొచ్చండీ," అంటూ సాయిబు గారి అమ్మాయి లేచింది. పక్క మగ్గంలో కూర్చుని, జానెడు గుడ్డ చకచకా నేసింది. అధికారి నిలబడి చూశారు, బాగుందన్నారు. "మరి మిగతావాళ్ళు?" అని చాప వైపు తిరిగారు. ఎవరూ లేవలేదు. "ఒక్కరికి వస్తే క్లాసనరు మాస్టారూ. ఏడాదంతా ఏం చేసినట్టు?"

ఇప్పుడు నా పేరు చెబుతారనుకున్నాను. మాస్టారు నా వైపు చూడనైనా లేదు. "నేర్పాల్సింది నేనండీ. నేర్పలేదు," అన్నారు.

వేసవి సెలవులు అయ్యేసరికి సెక్షను పోయింది. ఆయన్ని వినుకొండ అవతల ఒక పల్లెటూరి బడికి వేశారు. అక్కడ మగ్గాలు లేవు, స్టోరు గది తాళాలు అప్పగించారట. తల్లిని మంచంతో సహా ట్రాక్టరు ఎక్కిస్తుంటే మా కొట్టు మెట్ల మీంచి చూశాను. ఎంతసేపని చూస్తాను? వెళ్ళి, నా సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

ఆయన ఆవిడ తలకింద దిండు సర్దుతూనే అన్నారు. "నువ్వు పదిమందిని తెచ్చావు కదమ్మా. అనుకున్న ప్రకారం నీది నువ్విచ్చావు, నాది నేనిచ్చాను. అమ్మ ఇంకో ఏడాది ఈ ఊళ్ళోనే అన్నం తింది. నాకది తక్కువ కాదు." కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు.

పెళ్ళయ్యాక నేను చేరింది బట్టల కొట్టుకే. ఇన్నేళ్ళు బేరాలాడి నా గొంతూ అలాగే అయింది. చీర అంచు పట్టుకుంటే కొనేవాళ్ళు ఎంతవరకూ వస్తారో చెప్పగలను. ఇది ఎలా నేస్తారండీ అని ఎవరైనా అడిగితే ధర చెబుతాను. అడిగినంతకీ మారుమాట లేకుండా ఒప్పుకునేవాళ్ళు ఎదురైతే మాత్రం నా చెయ్యి ఆగుతుంది. ఏమిటమ్మా అంత అవసరం అని అడుగుతాను. ఒక్కోసారి తగ్గిస్తాను. ప్రతిసారీ తగ్గిస్తానని చెప్పను, నాదీ వ్యాపారమే.

ఇక లెక్క. ఆ సెక్షను ఏదో ఒకనాడు ఎత్తేసేవాళ్ళే. అదంతా నా వల్లే పోయిందని చెప్పుకుంటే అదీ ఒక గొప్పే, కాబట్టి దాన్ని నా ఖాతాలో వేసుకోను. మాస్టారికి ఒక ఏడాది దొరికింది నా వల్లే, నిజమే. మేం నేర్చుకుని ఉంటే రెండో ఏడాదీ దొరికేదేమో. ఆ "ఏమో" నాదే. నాకు ముట్టింది, ఏడాదిపాటు బెల్లుకి ముందే ఇంటికి చేరడం. చేరి ఏం చేశానో ఒక్కటంటే ఒక్కటి గుర్తు లేదు. పోయింది నేత. అది ఊరికే ఇవ్వడానికి ఒక మనిషి ఏడాది పొడుగునా నా ఎదురుగా కూర్చున్నాడు, వద్దని నేనే షరతు పెట్టాను. ఈ లెక్కలో ఏమీ తగ్గించమని నేను అడగను.