కత్తిరింపు బల్ల మీద అరబ్బు తీరం

మా తాతయ్య ట్రయల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యడు. దర్జీ కాబట్టి చొక్కాకి ట్రయలంటే ఎవరూ కాదనరు. పన్ను పీకించుకోవడానికి కూడా ముందురోజే వెళ్ళి, కుర్చీలో పడుకుని, నోరు తెరిచి చూసుకుని వచ్చిన ఘనుడు ఆయన.

అలాంటి మనిషి నెత్తిన జంటల యాత్ర నడిపే పని పడింది. అరబ్బు తీరంలో నాలుగు రోజులు: పాత కోట, ముత్యాల మ్యూజియం, చెక్క పడవలో షికారు. పళ్ళ డాక్టరు దంపతులు, పోస్టుమాస్టరు దంపతులు పేర్లిచ్చారు. జంటగా రానివాళ్ళకి చోటు లేదని షరతు పెట్టింది తాతయ్యే.

"అయితే మీకే చోటు లేదు. నేను రాను" అంది నానమ్మ.

గాజు కిటికీ వెనక నుంచి పరాయి మనిషి ఏమడిగినా నానమ్మకి నోరెండిపోతుంది. ఒకసారి ఏదో ఆఫీసులో పేరడిగితే తాతయ్య పేరు చెప్పేసింది. వెనక లైనంతా నవ్వింది. అప్పట్నుంచి లైను కనబడితే చాలు, ఇంటిదారి పడుతుంది.

"సరే, రాకు. ట్రయల్‌కి మాత్రం రా. ఒక జంట తగ్గితే కొలత కుదరదు" అన్నాడు తాతయ్య.

ఆదివారం కొట్లో స్టూళ్ళు విమానం సీట్లయ్యాయి, టేపులు బెల్టులయ్యాయి. పోస్టుమాస్టరుగారి బెల్టు బిగిస్తూ, అలవాటు కొద్దీ "నడుము నలభై ఆరు" అని పుస్తకంలో రాసేసుకున్నాడు తాతయ్య. ఇస్త్రీ బల్ల ఒంటె అయింది. పోస్టుమాస్టరుగారు ఎక్కగానే దాని కాలు విరిగింది.

"కంగారుపడకండి, ఒంటె కూర్చుంది!" అన్నాడు తాతయ్య.

తర్వాత కత్తిరింపు బల్ల వెనక టోపీ పెట్టుకుని, పాస్‌పోర్టులు చూసే అధికారిలా నిలబడ్డాడు.

"పేరు?"

"పళ్ళ డాక్టరు."

"అది వృత్తండీ! మళ్ళీ ట్రయల్! అమ్మా, మీరు ఎన్నాళ్ళుంటారు?"

"మీ ఇష్టమండీ" అంది డాక్టరుగారి భార్య.

"నా ఇష్టమేమిటి తల్లీ! మళ్ళీ ట్రయల్!"

నానమ్మకి నవ్వాగలేదు. "ఇంత చదివి ఇదేం తెలివమ్మా? ఇటు జరగండి" అని, అన్నిటికీ గడగడా జవాబులు చెప్పేసింది. ఐదో ఆదివారానికి డాక్టరు దంపతులకి ఆవిడే పాఠాలు చెబుతోంది. రానన్న మాట ఆవిడా ఎత్తలేదు, మేమూ గుర్తుచెయ్యలేదు.

విమానాశ్రయం లైనులో డాక్టరుగారి పాస్‌పోర్టు జారిపడింది. నానమ్మ తీసి చూస్తే పేజీల నిండా ముద్రలు.

"ఇవేమిటమ్మా?"

డాక్టరుగారి భార్య నాలిక్కరుచుకుంది. "తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చాం పిన్నిగారూ. మీరొక్కరే నేర్చుకుంటే చిన్నబోతారని, మమ్మల్నీ తప్పులు చెప్పమని బాబాయిగారు బతిమాలారు. ఏ తప్పు ఎప్పుడు చెప్పాలో, దానికీ విడిగా ట్రయల్ వేయించారు!"

నానమ్మ కాసేపు తాతయ్యకేసి చూసింది. సంచి భుజానికి తగిలించుకుని గాజు కిటికీ దగ్గరికి నడిచింది. తన పేరు తను చెప్పింది. నాలుగు రోజులంది. దాటేసింది.

తాతయ్య వంతొచ్చింది.

"పేరు?" అన్నాడు అధికారి.

ఐదు వారాలూ అడగడమే తప్ప ఒక్కసారీ జవాబు చెప్పినవాడు కాదాయె.

"పేరు?" అని అధికారినే ఎదురడిగాడు.

లైనంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా, అవతల నుంచి నానమ్మ.

"ఏమండోయ్, మళ్ళీ ట్రయల్!"