గొంగడి అంచు

తడిసిన గొంగడి వాసన తగిలితే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చిన్నప్పుడు నా దోస్తు యాదగిరికి మేనమామ కెమెరా తెచ్చిచ్చాడు. తెల్లవారకముందే ఇద్దరం నల్లమలలో జలపాతానికి నడిచాం. నన్ను నీళ్ల పక్కన రాయి మీద నిలబెట్టి "కదలకురా" అన్నాడు. అడ్డం రావద్దని కాబోలు అనుకున్నాను. అన్ని ఫొటోలూ తనే తీసుకున్నాడు, నన్ను ఒక్కసారీ నొక్కనివ్వలేదు. కడుపు మండిపోయింది.

"రీలు తీస్త. ఎలుతురు తగిల్తే ఖరాబైతది, జర నీ గొంగడి కప్పు," అన్నాడు. చలికి తెచ్చుకున్న బాపు గొంగడి, జలపాతం తుంపరకు తడిసింది, వాడి మీద కప్పాను. వాడు లోపల తడుముకుంటుంటే అంచు పైకెత్తాను.

పట్నంలో కడిగిస్తే ఫొటోలన్నీ తెల్లకాగితాల్లా వచ్చాయి. యాదగిరి ఏడుస్తూ ఒకదాని నడుమ వేలు పెట్టాడు.

"గీడ నువ్వున్నవురా. అన్నీ నీయే తీసిన."

చిన్నప్పటి ఫొటో లేదా అని మనవరాలు అడిగితే, ఆ రోజుల్లో మాకు కెమెరాలెక్కడివి అంటాను.