నీటోళ్ళు ఎటు వెళ్ళారంటే...

నాకు తొమ్మిదేళ్ళప్పుడు... భావనపాడు సముద్రపు ఒడ్డున బోర్లించిన ఒక పాత పడవ మీద నేనూ పోలమ్మా బొగ్గుముక్కతో ఒక లోకాన్ని గీశాం.

మా అమ్మ ఆ ఊరికి నర్సుగా వచ్చింది. నాన్న లేరు. బడి లేని రోజుల్లో అమ్మ సంచి తగిలించుకుని ఇళ్ళ వెంట వెళ్ళిపోతే, నన్ను పలకరించే మనిషే ఉండేది కాదు. పిల్లలు "సూదమ్మ కూతురు" అని దూరం జరిగేవారు. సూదంటే భయం మరి! భయపడనిది పోలమ్మ ఒక్కతే. వాళ్ళ నాన్న గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్ళేవాడు.

మా లోకంలో మూడు జాతులు. కొండ పగిలితే బయటపడ్డ కొండోళ్ళు... మబ్బులు పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిట్టోళ్ళు... నురగలోంచి లేచిన నీటోళ్ళు. సంవత్సరాలు మాకు తెలియవు. సముద్రం ఉప్పు కాకముందు, ఉప్పయ్యాక, పెద్దగాలి తర్వాత... అవే మా కాలాలు. సముద్రం ఉప్పయ్యాక నీటోళ్ళు మంచినీళ్ళ కోసం ఏటి వెంబడి పైకి నడిచారు. కొండోళ్ళు చలికి ఓర్చలేక కిందికి దిగారు. ఎవరు ఎటు కదిలితే అటు బాణం గీసేవాళ్ళం. ఎవరు ముందు పుట్టారన్నదాని మీద మాత్రం రోజూ తగువే.

ఆ ఏడు బోట్లన్నీ ఆపేసే వేట నిషేధం రోజులకి అందరి నాన్నలూ ఇళ్ళకొచ్చారు. పోలమ్మ నాన్న రాలేదు.

ఒక మధ్యాహ్నం నేను నీటోళ్ళు మళ్ళీ సముద్రానికి వచ్చేసినట్టు బాణం గీశాను. పోలమ్మ అరచేత్తో చెరిపేసింది.

"ఎల్లినోళ్ళు తిరిగొస్తారని గియ్యీకే."

"ఏటి, ఎందుకు రారు?"

"మా అమ్మ పొద్దల్లా రోడ్డుకేసే సూత్తాది. కూడు తినదు. రారని తెలిస్తే తింటాది కదా..."

కొన్నాళ్ళకు కబురొచ్చింది. బోటు మీద కాలు విరిగి పోలమ్మ నాన్న గుజరాత్‌లోనే పడి ఉన్నాడట. అక్కడ రొయ్యలొలిచే షెడ్డులో పని చూసుకోవచ్చని పోలమ్మ వాళ్ళమ్మ ఇంటికి తాళం వేసి, పోలమ్మను తీసుకుని బయల్దేరింది.

వెళ్ళే ముందు పోలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఒసే, నీటోళ్ళని అందర్నీ పంపించీకు. ఒకర్ని ఒడ్డున ఉంచు. లేపోతే కొండోళ్ళొచ్చి ఇక్కడెవులూ లేరనుకుంటారు."

నువ్వు తిరిగొస్తావా అని అడగబోయాను... అడగలేదు.

ఆ సాయంత్రం పడవ మీది మా లోకంలో ఒడ్డున ఒక మనిషిని గీశాను. ఆట సాగలేదు. "కొండోళ్ళే ముందు పుట్టారు" అని పైకి అన్నాను. కాదనేవాళ్ళు లేరు. వానలకు బొగ్గంతా కారిపోయింది. తర్వాత అమ్మకు విజయనగరం బదిలీ అయింది.

నిరుడు మళ్ళీ భావనపాడు వెళ్ళాను. ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ముసలమ్మను, గుజరాత్ వెళ్ళిన పోలమ్మ గురించి అడిగితే నవ్వింది.

"ఏ పోలమ్మ తల్లీ? ఇంటికో పోలమ్మ ఉన్నాది. గుజరాత్ ఎల్లినోళ్ళా... సానామంది ఎల్లారు. ఇంటిపేరేటి?"

నాకు తెలియదు. మూడు జాతులు ఎక్కడ పుట్టాయో, ఎప్పుడు ఎటు కదిలాయో తెలుసు. పక్కన కూర్చున్న పిల్ల ఇంటిపేరు మాత్రం తెలియదు...

ఇప్పుడు ఎవరినైనా ఫోన్లో వెతికి పట్టుకోవచ్చంటారు. ఒట్టి "పోలమ్మ" అని కొట్టి చూశాను. ఎన్ని ముఖాలో... ఏదీ ఆమె కాదు. ఏమో, ఉన్నా నేను పోల్చుకోలేదేమో.

మీకూ ఇలా సగం పేరే తెలిసిన నేస్తం ఉంటే... ఆ సగం పేరైనా ఇక్కడ, ఈ కథ కింద రాసి వెళ్ళండి.