ఉప్పు చూసే పని

మా అమ్మానాన్నా, అత్తామామా అందరూ మామిడి తోటల్లో కూలీలే. బీపీ, షుగరు అంటే కూర్చుని తినేవాళ్ళ జబ్బులని మా ఇళ్ళల్లో గట్టి నమ్మకం. ఎండలో కాయ కోసి గంపలు మోసేవాళ్ళకి బీపీ ఎక్కడొస్తుందండీ, చెమటలో కారిపోదూ? నేను ట్రైనింగ్ అయ్యి, యూనిఫాం తొడుక్కుని, నూజివీడులో ఓ మామిడి వ్యాపారి ఇంట్లో వాళ్ళమ్మగారిని చూసుకునే పనికి కుదిరాక కూడా ఆ నమ్మకం నాలో అలాగే కూర్చునుంది. నేర్చుకున్నదంతా వాళ్ళ కోసం, మా కోసం కాదన్నట్టు.

ఆవిణ్ణి మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఆవిడకి బీపీ ఎక్కువ. బిళ్ళ వేసుకోమంటే మొండికేసేవారు. "తల తిరగట్లేదు, నొప్పి లేదు. ఏం చూసి వేసుకోవాలే?" అనేవారు. "అదే దాని దొంగబుద్ధి మామ్మగారూ. పైకేమీ తెలియనివ్వదు, లోపల్లోపల గుండెనీ మెదడునీ తినేస్తుంది" అని క్లాసు పీకేదాన్ని. అబ్బో, ఎంత బాగా చెప్పేదాన్నో!

ఇంతలో పచ్చళ్ళ రోజులొచ్చాయి. ఆ వీధిలో ఆవకాయ పెట్టిన ప్రతి ఇంటివాళ్ళూ మూడో రోజు తిరగ కలిపి, గిన్నెలో కాస్త పట్టుకుని మామ్మగారి దగ్గరికి వస్తారు, ఉప్పు చూసి చెప్పమని. ఆవిడ చాలన్నాకే జాడీకి గుడ్డ కడతారు. ఈ ఏడు డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు కదా, నేను గిన్నె ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. "సరే, నా బదులు నువ్వు చూడవే" అన్నారు. ఇంకేం, వీధి వీధంతా నా నోట్లోనే. వేడన్నం, నెయ్యి, ముద్ద మీద ముద్ద. నేను రుచి చెప్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని లొట్టలేసేవారు. ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం.

వాళ్ళింట్లో పచ్చడి పెట్టిన రోజు చుట్టాలొచ్చారు. పొద్దున్నే బీపీ చూద్దామని మిషన్ తీస్తే మామ్మగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ముందు నీది చూపించు. అప్పుడిస్తా నా చెయ్యి." అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే, టీచరమ్మలాగా, వీపు కుర్చీకి ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, మాట్లాడకుండా ఎలా కూర్చోవాలో చూపిస్తూ పట్టీ కట్టుకున్నాను.

పై అంకె నూట డెబ్బై దాటింది. ఆవిడకి కూడా ఏనాడూ అంత చూళ్ళేదు నేను. వాళ్ళ కోడలుగారు ఒంగి పైకే చదివేశారు. "అయ్యో, చూసుకునే మనిషికే ఇంతుందా?" అని చుట్టాల్లో ఎవరో అన్నారు. ఒళ్ళు చచ్చిపోయింది. "మిషన్ పాడైనట్టుందండీ" అనేశాను.

"చెప్పలా నేను!" అని మామ్మగారు చప్పట్లు కొట్టారు. "ఈ తిక్క మిషన్ని నమ్మి నాకు బిళ్ళలు మింగిస్తున్నారు. అవతల పారెయ్యండి." చేతిలో ఉన్న బిళ్ళ కూడా మంచం మీద పడేశారు.

నోరు మూసుకుంటే నా పని నిలబడుతుంది, రోగిష్టి మనిషిని ఎవరు పెట్టుకుంటారు? కానీ ఈవిడ ఇంక బిళ్ళ ముట్టుకోరు. ఓ పొద్దున మూతి వంకరపోయి, చెయ్యి పడిపోతే? కాసేపు ఊరికే కూర్చుని మళ్ళీ కట్టుకున్నాను. కొంచెం దిగింది గానీ దిగాల్సినంత దిగలేదు.

"మిషన్ బాగానే ఉందండి. బీపీ నాకే ఉంది."

ఛీ, దొంగతనం చేసి దొరికినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో. ఒంట్లో జబ్బుంటే సిగ్గెందుకండీ అని ఎంతమందికి చెప్పుంటానో! నా దాకా వచ్చేసరికి తలెత్తలేకపోయాను.

మామ్మగారు మంచం మీద బిళ్ళ వెతుక్కుని, నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. "కారు తియ్యమను" అన్నారు కోడలితో.

వాళ్ళ డాక్టరుగారిది హనుమాన్ జంక్షన్. అక్కడ చీటీ రాసే అమ్మాయి నా యూనిఫాం చూసి, మామ్మగారికి కుర్చీ వేసి, "పేషెంటు పేరు చెప్పండి మేడమ్, తోడు మీరేనా?" అని నన్నే అడిగింది. భూమి చీలితే అందులోకి వెళ్ళిపోదామనిపించింది. మామ్మగారు కుర్చీలోంచి లేచి, నా భుజం పట్టుకుని నన్ను అందులో కూర్చోబెట్టారు.

"పేషెంటు ఈ అమ్మాయి. తోడు నేనొచ్చాను."